మోత కాదు, మాట కావాలి

పోయిన దసరాకు మా తమ్ముడు హైదరాబాదు నుంచి వస్తూ కారు డిక్కీ నిండా అట్టపెట్టెలు వేసుకొచ్చాడు. ఐదు స్పీకర్లు, లోతైన మోతకు ఒక సబ్‌వూఫర్, అన్నింటినీ నడిపే ఒక ఆంప్లిఫైయర్. మా అత్తమ్మకు టీవీలో మాటలు సరిగా అందడం లేదని నేను ఫోన్లో రెండు మూడుసార్లు అన్నాను. వాడు దాన్ని మనసులో పెట్టుకున్నాడు. చౌరస్తా దగ్గరి షాపు నుంచి ఒకబ్బాయి వచ్చి గోడలకు మేకులు కొట్టి, వైర్లు లాగి, సాయంత్రానికల్లా అన్నీ బిగించి పోయాడు. సద్దుల బతుకమ్మ ముందురోజు కాబట్టి ఇల్లంతా చుట్టాలు. పిల్లలు ఒక యుద్ధం సినిమా పెట్టారు. గుర్రాలు గది నిండా పరుగెత్తాయి, కిటికీ అద్దాలు జల్లుమన్నాయి. అందరూ తమ్ముణ్ని మెచ్చుకున్నారు.

అత్తమ్మ దివాన్ మీద, ఎడమ గోడను ఆనుకొని కూర్చుంటుంది. ఏళ్ళుగా అది ఆమె చోటు. సినిమా సగానికి రాకముందే నా మోచెయ్యి తట్టి "ఏమన్నడే గాయన?" అని అడిగింది. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మూడోసారికి, తమ్ముడు నొచ్చుకుంటాడేమోనని, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది: "మోత మంచిగనే ఇనవడ్తాంది బిడ్డా. మాటనే ఇనవడ్తలేదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అత్తమ్మ చెవి అలాంటిలాంటి చెవి కాదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మ ఆడేటప్పుడు మా వాడకట్టు ఆడవాళ్ళకు పాట ఎత్తుకునేది ఆమే. చుట్టూ అంతమంది పాడుతుంటే, వలయంలో ఆ చివరన ఎవరో ఒక పదం మార్చి పాడినా పట్టుకునేది. చప్పట్లు ఆపకుండానే ఆ వైపు తిరిగి ఒక చూపు చూసేది. అలాంటి మనిషి ఇప్పుడు సొంత ఇంట్లో, ఆరు స్పీకర్ల మధ్య కూర్చుని, పక్కనున్న కోడలిని అడిగి సినిమా చూస్తోంది.

ఆ తరవాత మూడు నెలలు ఈ విషయం నన్ను వదల్లేదు. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి తవ్వడం మొదలుపెడితే ఆగలేను. తవ్వగా తవ్వగా ఒక అభిప్రాయం గట్టిపడింది. ఇంట్లో సరౌండ్ సౌండ్, అంటే చుట్టూ స్పీకర్లతో వినే శబ్దం, కావాల్సింది వెనక నుంచి వచ్చే మోత కోసం కాదు, ముందు నుంచి వచ్చే మాట కోసం. ఆ మాట యాప్ నుంచి మన స్పీకర్ దాకా వచ్చే దారిలో ఎక్కడ జారిపోయినా మనకెవరూ చెప్పరు. చెప్పి తీరాలి అని నా వాదన.

తెర మీద చిన్న అక్షరాలు

పండగ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆంప్లిఫైయర్ ముందు కూర్చున్నాను. దాని ముఖాన చిన్న తెర ఉంది. దానిమీద పెద్దగా "డాల్బీ సరౌండ్" అని వెలుగుతోంది. అది చూసే మేమంతా సరౌండ్ వస్తున్నదని నమ్మాం. ఇన్ఫో బటన్ నొక్కితే లోపల ఇంకో వరస కనబడింది. లోపలికి వస్తున్న శబ్దం "పీసీఎం" (కుదించని డిజిటల్ శబ్దం), ఛానళ్ళు, అంటే విడివిడి శబ్దపు దారులు, రెండు.

అంటే యాప్ నుంచి ఆంప్లిఫైయర్ దాకా చేరింది ఎడమ, కుడి మాత్రమే. "డాల్బీ సరౌండ్" అనేది ఆంప్లిఫైయర్ తనంతట తాను చేసే పని పేరు. రెండు ఛానళ్ళను చూసి, ఇది ముందుది కావచ్చు, ఇది వెనకది కావచ్చు అని అంచనా వేసి ఐదు స్పీకర్లకు పంచుతుంది. ఎడమలో, కుడిలో సమానంగా ఉన్నదాన్ని నడిమి స్పీకర్‌కు పంపుతుంది. మాట అలాగే సమానంగా ఉంటుంది, నిజమే. కానీ పాటలో ఢోలూ, బాంబు పేలుడూ, నేపథ్య సంగీతంలో సగమూ అలాగే సమానంగా ఉంటాయి. అవన్నీ మాటతో పాటు ఒకే స్పీకర్‌లోకి వచ్చి పడతాయి. ఒకసారి కలిపేసిన పప్పూ చారూ మళ్ళీ విడదీసి వడ్డించినట్టే.

మరి ఐదు స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ రావాల్సిన అసలు ఆరు ఛానళ్ళు ఎక్కడ పోయాయి? షాపబ్బాయి టీవీకీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య ఆప్టికల్ వైరు (శబ్దాన్ని వెలుగు రూపంలో పంపేది) వేశాడు. "ఇది డిజిటల్ మేడం, మస్తు క్లియర్" అన్నాడు. ఆ పద్ధతి 1983లో తోషిబా తెచ్చింది. అందులో రెండు ఛానళ్ళ పీసీఎం వెళ్తుంది, లేదా ఆరు ఛానళ్ళను కుదించి పంపే పాత పద్ధతులు డాల్బీ డిజిటల్, డీటీఎస్ వెళ్తాయి. ఇప్పటి యాప్‌లు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. పేరులో ఒక్క మాటే తేడా అయినా ఆ "ప్లస్" ఆప్టికల్‌లో పట్టదు. అప్పుడు టీవీ దాన్ని పాత డాల్బీగా మార్చి పంపాలి, లేదంటే విప్పేసి రెండు ఛానళ్ళుగా చేసి పంపాలి. మా టీవీ సెట్టింగ్‌లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంది. కాబట్టి రెండో పనే చేసింది.

హెచ్‌డీఎంఐ వైరు తెచ్చి మార్చాను. టీవీ వెనక మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నాయి. శబ్దాన్ని టీవీ నుంచి బయటికి పంపగలిగేది ఒక్కటే, దాని పక్కన "ఆర్క్" అని రాసి ఉంది. అందులో సెట్‌టాప్ బాక్స్ ఉంది. దాన్ని పక్క రంధ్రంలోకి మార్చి ఆంప్లిఫైయర్ వైరు అక్కడ పెట్టాను. ఈసారి శబ్దమే రాలేదు. గంటసేపు వెతికాక తెలిసింది, పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సీఈసీ అనే సెట్టింగ్ మూసి ఉందని. అది తెరిస్తే శబ్దం వచ్చింది, కానీ మళ్ళీ పీసీఎమ్మే. అప్పుడు అవుట్‌పుట్‌ను పాస్-త్రూకి, అంటే వచ్చింది వచ్చినట్టే పంపే పద్ధతికి, మార్చాను. ఆంప్లిఫైయర్ తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. రిలే టక్కుమంది. "డాల్బీ డిజిటల్ ప్లస్ 5.1" అని వచ్చింది. 5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, మొత్తం ఆరు ఛానళ్ళు.

రంధ్రం, వైరు, సీఈసీ, అవుట్‌పుట్ సెట్టింగ్. నాలుగు చోట్లలో ఏ ఒక్కటి తప్పినా ఆరు ఛానళ్ళు రాకపోవచ్చు. రంధ్రం తప్పినా, సీఈసీ లేకపోయినా శబ్దమే రాదు కాబట్టి వెతుకుతాం. మిగతా రెండింటిలో టీవీ గమ్మున రెండు ఛానళ్ళు పంపి ఊరుకుంటుంది. నెట్ నెమ్మదిస్తే బొమ్మ మసకబారుతుంది, మనం వెంటనే గుర్తుపట్టి రూటర్ దగ్గరికి పోతాం. శబ్దం ఆరు నుంచి రెండుకు పడిపోతే తెర మీద ఒక్క ముక్క కూడా రాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇంకో సంగతి. షాపులో ఈఆర్క్ (ఆర్క్‌కు తరవాతి తరం) ఉన్న టీవీయే కొనాలని గట్టిగా చెబుతున్నారు. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, ఈఆర్క్ 2017లో 2.1తో వచ్చింది. ఈఆర్క్ మంచిదే. బ్లూ-రే డిస్కుల్లో ఉండే ఏమాత్రం కోత పెట్టని శబ్దానికి అది కావాలి. యాప్‌లు పంపేది కుదించిన శబ్దం. డాల్బీ డిజిటల్ ప్లస్‌కు, అందులోనే మడిచి పంపే ఆట్మాస్‌కు (తల మీది నుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే పద్ధతి) మామూలు ఆర్క్ సరిపోతుంది. పాత టీవీ ఉన్నవాళ్ళు దీనికోసం కొత్తది కొనాల్సిన పని లేదు.

పాలు, కాలు, చాలు

ఆ సాయంత్రం అదే యుద్ధం సినిమా మళ్ళీ పెట్టాను. ఇంగ్లీషులోనే పెట్టాను, అత్తమ్మకు అర్థం కాకపోయినా సరే, శబ్దం ఎలా ఉందో తెలుసుకుందామని. మాట మొత్తం టీవీ కింది నడిమి స్పీకర్ నుంచే వస్తోంది. సంగీతం పక్కలకు తప్పుకుంది. నేను దివాన్ మీద అత్తమ్మ చోట్లో కూర్చుని విన్నాను. మాట టీవీ నుంచే వచ్చింది.

అది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. రెండే స్పీకర్లున్నప్పుడు మాట నడుమ నుంచి వస్తున్నట్టు అనిపించడం ఒక భ్రమ. సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్ళకే ఆ భ్రమ నిలుస్తుంది. పక్కకు జరిగితే దగ్గరి స్పీకర్ శబ్దం ముందుగా చెవికి చేరుతుంది, మెదడు అంతా అక్కడినుంచే వస్తున్నదని తీర్మానించుకుంటుంది. మన ఇళ్ళలో మధ్య సోఫాలో ఎవరు కూర్చుంటారు? ఇంటాయన, లేకపోతే పిల్లలు. పెద్దవాళ్ళు గోడ పక్కన, తలుపు పక్కన, దివాన్ మీద. వినికిడి తగ్గినవాళ్ళకే శబ్దం అధ్వానంగా అందే చోటు దక్కుతుంది. నడిమి స్పీకర్ ఉంటే ఎక్కడ కూర్చున్నా మాట ఒక్క చోటి నుంచే వస్తుంది.

రెండోది వయసు. వయసుతో పాటు వినికిడి పై పౌనఃపున్యాల (సన్నని శబ్దాల) నుంచి తగ్గుకుంటూ వస్తుంది. అచ్చులకు బలం కింది భాగంలో ఉంటుంది, త, క, చ, స లాంటి హల్లుల గుర్తులు పైభాగంలో ఉంటాయి. మన భాషలో మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఎంత తగ్గినా ఏదో మాట్లాడుతున్నట్టు, రాగం వినబడుతూనే ఉంటుంది. కానీ పాలు, కాలు, చాలు అనే మూడు మాటలు తీసుకోండి. మొదటి హల్లు అందకపోతే మూడూ ఒకటే. అత్తమ్మ "మాటనే ఇనవడ్తలేదు" అన్నది అక్షరాలా నిజం. శబ్దం ఆమెకు అందుతోంది, హల్లు అందడం లేదు. అందుకే వాల్యూమ్ పెంచితే "అబ్బ, చెవులు పోతున్నయ్, తగ్గియ్" అంటుంది. పెంచినప్పుడు పెరిగేది మోత.

ఆరు ఛానళ్ళను రెండుగా కుదించేటప్పుడు నడిమి ఛానల్‌ను మామూలుగా 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమ కుడుల్లో కలుపుతారు. అక్కడ అది సంగీతం, కత్తుల చప్పుడు, వానతో పాటు ఒకే స్పీకర్‌లో ఇరుక్కుంటుంది. విడిగా ఉన్నప్పుడైతే ఆంప్లిఫైయర్‌లో ఒక్క నడిమి స్పీకర్‌నే పెంచుకోవచ్చు. నేను 3 డెసిబెల్స్ పెంచాను. మోత ఉన్నచోటే ఉంది, మాట ఒక అడుగు ముందుకు వచ్చింది.

ఇలా అన్నీ ఒకే స్పీకర్‌లో కలిసిపోవడం గురించి చదివినప్పుడు నాకు బతుకమ్మ వలయం గుర్తొచ్చింది. 1953లో కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త, పదిమంది మాట్లాడుకునే గదిలో మనం ఒక్కరి మాటనే ఎలా పట్టుకోగలుగుతాం అన్న ప్రశ్న మీద ప్రయోగాలు చేశాడు. ఒక్కో గొంతూ ఒక్కో దిక్కు నుంచి రావడం అందులో పెద్ద సాయం. అత్తమ్మ అంతమందిలో తప్పు పాడినామెను పట్టుకోగలిగింది అందుకే. ప్రతి గొంతుకూ వలయంలో తన చోటుంది. ఇప్పుడు చాలాచోట్ల బతుకమ్మ పక్కన పెద్ద సౌండ్ బాక్సులు పెట్టి రికార్డు పాట వేస్తున్నారు. అన్ని గొంతులూ ఒక్క డబ్బాలోంచి వస్తాయి. ఈమధ్య అత్తమ్మ అక్కడ పాట ఎత్తడం మానేసి ఊరికే అడుగు వేసి వస్తోంది. "ఎవలేం పాడుతాన్రో తెలుస్తలేదు" అంటుంది. వయసని మేం అనుకున్నాం. వయసు ఉంది, కానీ అది ఒక్కటే కాదు.

తెలుగు పెట్టగానే

ఇక నా అసలు ఫిర్యాదు. ఇంగ్లీషులో శబ్దం కుదిరిందని సంబరపడి, అత్తమ్మను పిలిచి, అదే సినిమాను తెలుగు ఆడియోకి మార్చాను. ఆంప్లిఫైయర్‌లో రిలే టక్కుమంది. తెర మీద మళ్ళీ రెండు ఛానళ్ళు.

ముందు నేనే ఏదో కదిపానేమో అనుకున్నాను. ఇంగ్లీషు పెడితే 5.1. తెలుగు పెడితే 2.0. యాప్‌లో ఆ సినిమా పేజీ తెరిచి చూస్తే పేరు కింద 5.1 అనే గుర్తు దర్జాగా ఉంది. ఆ గుర్తు సినిమాకు ఇచ్చారు, భాషకు కాదు. తెలుగులో చూసేవాళ్ళకు ఆ గుర్తు అబద్ధం. తరవాత ఇంకొన్ని చూశాను. కొన్నింటికి తెలుగులో కూడా ఆరు ఛానళ్ళు వచ్చాయి, నిండుగా, అందంగా. కొన్నింటికి రాలేదు. ఏది వస్తుందో పెట్టి చూస్తే తప్ప తెలియదు. అచ్చ తెలుగు సినిమాల్లో కూడా, థియేటర్‌లో చుట్టూ విన్న సినిమా యాప్‌లో రెండు ఛానళ్ళతో వచ్చిన సందర్భాలు చూశాను.

ఆ యాప్ సహాయ కేంద్రానికి రాశాను. యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. క్యాష్ తుడవమన్నారు. తుడిచాను. "ఈ సినిమా తెలుగు ట్రాక్ 5.1లో ఉందా, లేదా?" అని మూడోసారి ఒక్క వాక్యంలో అడిగాను. మీ టీవీ కంపెనీని సంప్రదించండి అన్నారు.

నా పాత విద్యార్థి ఒకతను హైదరాబాదులో డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తున్నాడు. అతనికి ఫోన్ చేశాను. అతను చెప్పింది న్యాయంగా ఇక్కడ పెట్టాలి. సినిమా డబ్బింగ్‌కు వచ్చేటప్పుడు మాటలు తీసేసి సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి ఇస్తారు. దాన్ని ఎం అండ్ ఈ అంటారు. అది ఆరు ఛానళ్ళలో వస్తే తెలుగు మాటను నడిమి ఛానల్‌లో కూర్చోబెట్టవచ్చు. "కానీ మేడం, కొన్నిసార్లు మాకు రెండు ఛానళ్ళదే వస్తది. ఆరు వచ్చినా, 5.1 గదిలో కూర్చుని మిక్స్ చెయ్యాలె. దానికి వేరే రోజులు, వేరే కిరాయి. ఇచ్చే పైసలకు అది కాదు" అన్నాడు. తెలుగు డబ్బింగ్ కళాకారులకు, మిక్సింగ్ చేసేవాళ్ళకు ఎంత తొందరలో పని చేయిస్తారో కూడా చెప్పాడు. అతని బాధ నిజమైనది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆరు ఛానళ్ళు పంపితే డేటా ఎక్కువ ఖర్చవుతుందని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. నెట్‌ఫ్లిక్స్ 2019లో తన శబ్ద నాణ్యత పెంచినప్పుడు 5.1కు సెకనుకు 640 కిలోబిట్ల దాకా, ఆట్మాస్‌కు 768 దాకా ఇస్తామని చెప్పింది. 4కె బొమ్మకు అదే సంస్థ సెకనుకు 15 మెగాబిట్ల నెట్ ఉండాలంటుంది. ఆ లెక్కన ఆరు ఛానళ్ళ శబ్దం అందులో ఇరవయ్యో వంతు కూడా కాదు. బొమ్మ కోసం అంత పంపే చోట శబ్దానికి ఇంత పంపడం బరువేమీ కాదు.

పైసలు సరిపోక తెలుగుకు రెండు ఛానళ్ళే ఇస్తే ఇవ్వండి. అది దాచకండి. భాషల జాబితాలో తెలుగు పక్కన 2.0 అని రాయండి. నేనడిగేది అంతే.

నాకూ ఉన్న అనుమానాలు

తమ్ముడు నాతో గట్టిగానే వాదించాడు. "అక్కా, నీలాగ ఆంప్లిఫైయర్ తెర చదివేటోళ్ళు ఎందరుంటరు? సగం మంది ఫోన్ల చూస్తున్నరు, చెవిల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని. ఊరంతటికీ మైకు సెట్టు వేస్తే దానికెన్ని ఛానళ్ళుంటయ్? ఒక్కటే. ఎవరన్నా లొల్లి చేసిన్రా?" అన్నాడు. మైకు సెట్టు మాటకు నేను కాసేపు ఆగాను. నిజమే, మా చిన్నప్పుడు ఒక్క హారన్‌లోంచి వచ్చిన హరికథ మాకు అర్థమయ్యేది. కానీ హరికథలో మాట మీద ఎవరూ హెలికాప్టర్ తిప్పరు. మాటకు దారి ఇచ్చి వాయిద్యం తగ్గుతుంది, మాట ఆగాక లేస్తుంది. ఒగ్గు కథలోనూ అంతే, కథ చెప్పేటప్పుడు డోలు తగ్గుతుంది. ఇప్పటి సినిమాల్లో మాటా మోతా ఒక్కసారే వస్తాయి. కలిపి చేసిన శబ్దాన్ని విడదీసి వినిపించే ఏర్పాటు కూడా చేసినవాళ్ళే ఇవ్వాలి.

ఇంకో అనుమానం నాదే. అంతా నా మనసు భ్రమేమో, తెర మీద 5.1 అని చూసి బాగుందనుకుంటున్నానేమో. అందుకని ఒక ఆదివారం మా ఆయన చేత సెట్టింగ్ మార్పించాను, నాకూ అత్తమ్మకూ చెప్పకుండా. తెలుగులో ఆరు ఛానళ్ళున్న సినిమాలో నాలుగు సన్నివేశాలు చూశాం. అత్తమ్మ రెండు ఛానళ్ళున్న రెండింట్లోనూ "ఏమన్నడే" అంది. ఆరు ఛానళ్ళున్న ఒకదాంట్లో అడగలేదు. కానీ నాలుగోదాంట్లో, ఆరు ఛానళ్ళున్నా, అడిగింది. ఆ సన్నివేశం మళ్ళీ పెట్టి విన్నాను. నటుడు నోట్లో గొణుక్కుంటున్నాడు, నాకూ సరిగా అర్థం కాలేదు. ఏ ఛానలూ దాన్ని బాగు చెయ్యలేదు. దీన్ని ప్రయోగం అనలేను, నాలుగు సన్నివేశాలతో ఏదీ రుజువు కాదని పిల్లలకు చెప్పేది నేనే. కానీ ఆ ఆదివారం తరవాత నా అనుమానం తగ్గింది.

చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. పరీక్ష గీత కుడివైపుకు, అంటే పై పౌనఃపున్యాల వైపుకు, పోయే కొద్దీ కిందికి వాలింది, అనుకున్నట్టే. మిషన్ పెట్టుకోమన్నారు. అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు, నేను అడగడం మానలేదు. స్పీకర్ చెవికి మందు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు కదా అన్నవాళ్ళకు ఒక్క మాట: అత్తమ్మ బడికి పోలేదు.

"అన్నీ మోగుతున్నయ్ గదా"

షాపుల సంగతి చెప్పకపోతే ఇది సగమే. మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఉండేవి కంపెనీ ఆంప్లిఫైయర్లు కావు, అసెంబుల్ చేసినవి. వరంగల్ పోచమ్మ మైదాన్ వైపు ఒక మెకానిక్ ఉన్నాడు, చిన్న గది, గోడల నిండా ట్రాన్స్‌ఫార్మర్లు. పక్కింటామె వాళ్ళ సెట్టు బాగు చేయించడానికి వెళ్తూ నన్ను తోడు పిలిచింది. ముందు "5.1" అని స్టిక్కర్, వెనక మామూలు వైరు పెట్టే ఆక్స్ రంధ్రం, బ్లూటూత్. ఆమె టీవీని బ్లూటూత్‌తో కలిపింది. బ్లూటూత్‌లో సినిమా శబ్దం రెండు ఛానళ్ళకు మించి రాదు. ఆక్స్ వైరులోనూ అంతే. లోపల బోర్డు ఆ రెండింటినే ఐదుకు పంచుతోంది. ఎడమవి ఎడమ ముందూ వెనకా, కుడివి కుడి ముందూ వెనకా, అన్నీ కలిపి నడుమ.

మెకానిక్ మంచి పనివాడు, దాచకుండా చెప్పాడు. "మేడం, ఆప్టికల్ ఉన్న డీకోడర్ బోర్డు వేస్త. కానీ గీ బోర్డు పాత డాల్బీనే పడుతది, ప్లస్ పట్టదు. టీవీల డాల్బీ డిజిటల్ అని పెట్టుకోన్రి. పాస్-త్రూ పెడితే సప్పుడే రాదు." ఎంత చక్కగా చెప్పాడో. పెద్ద షాపుల్లో నేనడిగిన ఒక్కరూ ఈ తేడా చెప్పలేదు. వాళ్ళంతా ఒకటే మాట అన్నారు, "అన్నీ మోగుతున్నయ్ గదా మేడం." అన్నీ మోగడం గీటురాయి కాదు. వెనక స్పీకర్లలో మాట వినబడుతోందంటే అది సరౌండ్ కాదనే గుర్తు. అసలైన 5.1లో మాట వెనక నుంచి దాదాపు రాదు. చాలాసేపు వెనక స్పీకర్లు ఊరికే ఉంటాయి. అలా ఊరుకుంటే పాడైందని తెచ్చేవాళ్ళు కూడా ఉన్నారట. మెకానిక్ చెప్పి తల ఊపాడు.

పోయిన వారం మా కాలేజీలో పనిచేసే ఒకావిడ, వాళ్ళ నాన్న కోసం సౌండ్ సెట్టు కొనాలని నన్ను చౌరస్తాకు తీసుకెళ్ళింది. షాపులో డెమో పెట్టారు, మళ్ళీ అదే మోత. నేను ఆ అబ్బాయిని తెలుగు సినిమా పెట్టమన్నాను. పెట్టాడు. మధ్య సోఫాలో కూర్చోమన్నాడు, నేను గోడ పక్కన నిలబడ్డాను. ఆంప్లిఫైయర్‌లో ఇన్ఫో నొక్కమన్నాను. అతను ఆ బటన్ ఎక్కడుందో కాసేపు వెతికాడు. నొక్కాడు. పీసీఎం, రెండు ఛానళ్ళు.

"రోజూ ఇట్లనే చూపిస్తున్నమా?" అన్నాడు, మాకు కాదు, తనకు తానే. టీవీ సెట్టింగ్‌లు తెరిచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాడు. నేను చెప్పబోయి ఊరుకున్నాను, వెతుక్కోనీ అని. అవుట్‌పుట్ దగ్గర ఆగాడు. మార్చాడు. తెర ఒక్క క్షణం ఖాళీ అయి అక్షరాలు మారాయి. సినిమాలో తండ్రి కొడుకుతో ఏదో అంటున్నాడు, ఆ మాట గోడ పక్కన నిలబడ్డ నాదాకా విడిగా వచ్చింది. అబ్బాయి కూడా నా పక్కకు వచ్చి నిలబడి విన్నాడు. తరవాత రిమోట్ చేతిలో పట్టుకుని, పక్కనున్న రెండో టీవీ దగ్గరికి పోయి దాని సెట్టింగ్ తెరిచాడు.